కవరు తెరవకముందు

(చిన్నమనూరు సభలో చేసిన జాన్ పెన్నీక్విక్ స్మారకోపన్యాసం పాఠం)



పెరియారు ఆనకట్ట కట్టించిన ఇంజనీరు పెన్నీక్విక్ పేరు ఎత్తితే కంబం లోయలో ఎవరూ పరిచయం అడగరు. జనవరి 15న ఆయన పుట్టినరోజని పొంగలి పెట్టే ఊళ్లు మనవి. లోయర్ క్యాంపులో ఆయన స్మారక మండపం ఉంది. ఇళ్లలో, టీ కొట్లలో ఆయన పటం ఉంది. ఆయన పేరున జరిగే సభల్లో ఆనకట్ట ఎత్తు గురించి, కొండను తొలిచిన సొరంగం గురించి, వరదకు కొట్టుకుపోయిన తొలి కట్టల గురించి మాట్లాడతారు. మాట్లాడవలసిందే. ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం మాత్రం వేరు. ఆ నీటిని ఏ పద్ధతిలో సంపాదించారు? ఆ పనిని ఎవరికి, ఎలా అప్పగించారు? ఇప్పుడు మన మున్సిపాలిటీ కాలువ తవ్వించాలన్నా, ఆసుపత్రికి యంత్రం కొనాలన్నా, సంత పాట పెట్టాలన్నా ఎన్ని దారులున్నాయి, ఏ పనికి ఏ దారి తగినది?

ఇది ఇంజనీర్లకూ ఆడిటర్లకూ వదిలేసే విషయం కాదని నా అభిప్రాయం. ఈ సభలో చిన్న కాంట్రాక్టర్లు ఉన్నారు. గుడి మాన్యాన్ని పాటలో కౌలుకు తీసుకునే రైతులు ఉన్నారు. బోడినాయకనూరు ఏలకుల వేలంలో కూర్చునే వ్యాపారులు ఉన్నారు. కోయంబత్తూరులో పంపులు, తిరుప్పూరులో బనియన్లు తయారుచేసి ప్రభుత్వ సంస్థలకు సరఫరా చేస్తున్న మన పిల్లలు ఉన్నారు. వీళ్లలో ఎవరూ కాకపోయినా, పన్ను కట్టే ప్రతివాడికీ దీనితో సంబంధం ఉంది.

1886 అక్టోబరు 29న తిరువాంకూరు దివాను వి. రామయ్యంగారు, బ్రిటిషు పక్షాన రెసిడెంటు జె. సి. హానింగ్టన్ సంతకాలు పెట్టిన కౌలు పత్రంతో ఈ కథ మొదలవుతుంది. కౌలు గడువు 999 ఏళ్లు. జలాశయానికి కావలసిన 8,000 ఎకరాలకు, ఎకరాకు ఏడాదికి 5 రూపాయల చొప్పున 40,000 రూపాయలు. 1970లో జరిగిన ఒప్పందాల్లో అది ఎకరాకు 30 రూపాయలైంది. ఇందులో టెండరు లేదు, పిలవడానికి వీలూ లేదు. పెరియారు నది ఒకటే, ఆ నది లోయకు హక్కుదారు ఒక్కడే. ఇలా ఒకే పక్షంతో కూర్చుని బేరమాడటాన్ని నేటి నిబంధనల్లో సింగిల్ టెండరు అంటారు. మన కాంట్రాక్టర్ల నోట అది నామినేషన్. కొనదలచింది ఒక్కరి దగ్గరే దొరికేటప్పుడు అది తప్పు పద్ధతి కాదు. కానీ దానికో లోటు ఉంది. పోటీ లేనందున ఆ ధర న్యాయమైనదో కాదో చూపించే ఆధారం ఉండదు. ఎవరి బలం ఎక్కువైతే వాళ్ల మాట నెగ్గుతుంది. ఒక పక్క సామ్రాజ్యం, మరో పక్క సంస్థానం. ఆ పత్రం సమ్మతితో కుదిరిందా, ఒత్తిడితో కుదిరిందా అన్న వాదన నూరేళ్లు దాటినా ఆరలేదు. నేను ఆ నీటి మీద బతికిన కుటుంబంలో పుట్టినవాణ్ణి. కంబం లోయలోని 14,707 ఎకరాల రెండు పంటల భూములకు ఆ నీరే ప్రాణం. అయినా చెబుతున్నాను. పోటీ లేకుండా, వెలుగులో పెట్టకుండా కుదిరిన ధర ఎంత మంచి పనికి కుదిరినా, తర్వాతి తరాలకు తగువుగా మిగిలిపోతుంది.

ఇక పని సంగతి. 1887లో మొదలై 1895లో ముగిసింది. ఆ ఏడాది అక్టోబరులో మద్రాసు గవర్నరు లార్డ్ వెన్‌లాక్ ప్రారంభించాడు. పనిచేసినవాళ్లు మద్రాసు పయొనీర్ల 1, 4 పటాలాల సిపాయిలు, కొచ్చి నుంచి వచ్చిన పోర్చుగీసు వడ్రంగులు, వేలాది కూలీలు. పెత్తనం ప్రజాపనుల శాఖ ఇంజనీర్లది. దీన్ని ఇప్పుడు డిపార్టుమెంటు పని అంటున్నాం. ఒక్క క్షణం ఆలోచించండి. ఆ అడవిలో ఆనకట్టను ఇంత మొత్తానికి కట్టి ఇస్తానని కవరులో రాసి సీలు వేయగల మనిషి ఎవరు? వరద ఎన్నిసార్లు వస్తుందో తెలియదు. మలేరియాకు ఎంతమంది పోతారో తెలియదు. సున్నం, సుర్కీ కొండ మీదికి చేర్చడానికి ఎంతవుతుందో తెలియదు. నిజాయితీపరుడు రాయలేడు. భయస్థుడు రెండింతలు రాస్తాడు. తెలియనివాడు సగానికి రాసి మధ్యలో వదిలి పోతాడు. తెలియనిదాని భారాన్ని ఎవరి నెత్తినా పెట్టలేని చోట శాఖే దాన్ని మోసింది.

నేను ఈ రోజు చెప్పదలచిన అసలు విషయం ఇదే. టెండర్లలో ఎన్ని రకాలున్నా అవన్నీ ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు. మనకు ఏది తెలుసు, ఏది తెలియదు, ఆ తెలియనిదాని భారం ఎవరు మోయాలి? ఈ ప్రశ్నకు జవాబు చూసుకోకుండా పిలిచిన టెండరులో ఎంత నిజాయితీగా కవర్లు తెరిచినా నష్టం జరిగే తీరుతుంది.

ముందు ఒక తేడా తేల్చుకుందాం. ప్రభుత్వం అమ్ముతోందా, కొంటోందా? అమ్మేటప్పుడు ఎక్కువ పాడినవాడిది సొమ్ము. చింతచెట్ల ఫలసాయం, చెరువులో చేపలు, సంత వసూలు, గుడి భూముల కౌలు అలాంటివి. కొనేటప్పుడు తక్కువ రాసినవాడిది పని. బోడినాయకనూరులో స్పైసెస్ బోర్డు పర్యవేక్షణలో జరిగే ఏలకుల ఈ-వేలం చూసినవాళ్లకు పాట బాగా నడవాలంటే ఏం కావాలో తెలుసు. సరుకు కళ్లముందు ఉంటుంది. నమూనా అరచేతిలోకి వస్తుంది, గింజ సైజు, రంగు చూసుకోవచ్చు. కొనేవాళ్లు చాలామంది ఉంటారు. అక్కడ తెలియనిది తక్కువ, అందుకే ధర నమ్మదగినదిగా తేలుతుంది.

అన్నింటినీ పాట పెట్టవచ్చా అంటే, మన తెలుగునేల మీదే ఆడవాళ్లు దానికి జవాబు చెప్పారు. నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో సారా పాటలనే అడ్డుకుంది. వేలం తేదీలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. పాట పద్ధతిలో లోపం ఉందని కాదు వాళ్లు అన్నది, ఆ వస్తువునే పాట పెట్టకూడదన్నారు. ఎంతకు అమ్ముతావు అనే ముందు, అసలు ఎందుకు అమ్ముతావు అని అడగడం ప్రజల హక్కు.

మరో పక్క సుప్రీంకోర్టు మాట ఉంది. 2012 ఫిబ్రవరి 2న 122 టెలికాం లైసెన్సులను రద్దు చేస్తూ, ముందు వచ్చినవాడికి ముందు అనే పద్ధతిని కోర్టు తప్పుపట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో రాష్ట్రపతి అడిగిన ప్రశ్నకు జవాబిస్తూ, సహజ వనరులన్నింటికీ వేలమే ఏకైక మార్గమని రాజ్యాంగం చెప్పలేదని వివరించింది. ఈ రెంటినీ కలిపి చదవాలి. పద్ధతి ఏదైనా కావచ్చు, దాన్ని ఎంచుకున్న కారణం మాత్రం నలుగురి ముందు నిలబడాలి.

ఇప్పుడు కొనుగోళ్ల దగ్గరికి వద్దాం. పెళ్లికి వంటమనిషిని కుదుర్చుకునే తీరు చూడండి. ఇడ్లీ, పొంగలి, వడ, రెండు కూరలు, సాంబారు, పాయసం, ఐదు వందల ఆకులు, సరుకులు మావే, నీ కూలి ఎంత అని అడిగితే ఒక లెక్క. ఐదు వందల మంది వస్తారు, మర్యాద దక్కేలా నువ్వే ఏర్పాటు చెయ్, ఏం వడ్డిస్తావో, ఎంత అడుగుతావో చెప్పు అంటే ఇంకో లెక్క. ఈ చుట్టుపక్కల ఇంత పెద్ద పెళ్లి వండగలవాళ్లు ఎవరెవరున్నారని ముందుగా వాకబు చేయడం మూడో లెక్క. ఇల్లాలికి ఈ మూడింటి తేడా ఎవరూ నేర్పనక్కర్లేదు. మొదటిది ధర అడగడం, రెండోది ప్రతిపాదన అడగడం, మూడోది ఆసక్తి తెలుసుకోవడం. ఆఫీసు కాగితాల్లో వీటినే బిడ్ ఆహ్వానం, ఆర్‌ఎఫ్‌పీ, ఈఓఐ అంటున్నారు. సరుకు చిన్నది, బజారులో దొరికేది, మొత్తం తక్కువ అయినప్పుడు ముగ్గురు నలుగురి దగ్గర రేట్లు రాయించుకుంటారే, అది కొటేషన్.

ధర అడగాలంటే ఏం కావాలో మనకే పూర్తిగా తెలిసి ఉండాలి. కాలువ పొడవు, లోతు, కాంక్రీటు గ్రేడు, కమ్మీ బరువు అన్నీ ఎస్టిమేటులో ఉండాలి. అప్పుడు తక్కువ రేటు రాసినవాణ్ణి, అంటే ఎల్1ను, తీసుకోవడమే న్యాయం. అక్కడ అధికారి ఇష్టాయిష్టాలకు చోటు ఉండకూడదు. ప్రతిపాదన అడగడం అలా కాదు. తీరవలసిన అవసరం మనకు తెలుసు, తీర్చే మార్గం తెలియదు. ఊరి చెత్తను ఏం చేయాలి, పన్నుల లెక్కల సాఫ్ట్‌వేర్ ఎలా ఉండాలి, కొండవాగు వంతెన డిజైను ఏది మేలు, ఇలాంటివి. ఇక్కడ నాణ్యతకు కొన్ని మార్కులు, ధరకు కొన్ని మార్కులు వేసి కలుపుతారు. క్యూసీబీఎస్ అంటారు. కేంద్ర ఆర్థిక నిబంధనల ప్రకారం కన్సల్టెన్సీ పనుల్లో ధర కాని అంశాలకు 80 శాతం కంటే ఎక్కువ వెయిటేజీ ఇవ్వకూడదు. 2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ నిర్మాణ పనులకూ కొన్ని షరతులతో ఈ దారి తెరిచింది, కానీ అక్కడ నాణ్యతకు 30 శాతం మించనివ్వలేదు. ఆ తేడా ఊరికే పెట్టలేదు. కట్టడం కొలతకు అందుతుంది, సలహా అందదు.

ఈ రెండింటినీ తారుమారు చేస్తే ఏమవుతుంది? సాఫ్ట్‌వేర్‌కు ఎల్1 పెడితే, ఎవడు తక్కువ పని చేస్తానని మనసులో అనుకున్నాడో వాడే గెలుస్తాడు. సిమెంటు రోడ్డుకు మార్కుల పద్ధతి పెడితే, ఆ మార్కులు వేసే గదిలో ఎవరు కూర్చున్నారన్న దాని మీద పని ఆధారపడుతుంది. మొదటి తప్పు తెలియనితనం వల్ల జరుగుతుంది. రెండోది చాలాసార్లు తెలిసే చేస్తారు.

తెలియనిదాని భారం ఎలా పంచుకుంటారో చూడాలంటే నిర్మాణ టెండర్లే మంచి చోటు. ఐటమ్ రేటు టెండరులో ప్రతి పనికీ విడిగా రేటు రాస్తారు, కొలిచినంతకే బిల్లు. మట్టి ఎక్కువ తవ్వవలసి వస్తే ఆ ఖర్చు ప్రభుత్వానిది. పర్సంటేజీ టెండరులో రేట్లన్నీ శాఖ షెడ్యూలులోనే ఉంటాయి, కాంట్రాక్టరు ఇంత లెస్ అనో ఇంత ఎక్సెస్ అనో రాస్తాడు. లంప్‌సమ్‌లో మొత్తం పనికి ఒకటే అంకె. ఆ దారిలో చివరికంటా వెళ్తే ఈపీసీ వస్తుంది. సర్వే, డిజైను, సామగ్రి, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరువే, తెలియని భారమంతా అతనిదే. కాగితం మీద ప్రభుత్వానికి ఇంతకంటే నిశ్చింత లేదు.

2004 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జలయజ్ఞం సాగునీటి ప్రాజెక్టుల్లో ఈపీసీని విస్తారంగా వాడారు. కాగ్ 2012లో ఇచ్చిన నివేదికలో వాటిని గట్టిగా విమర్శించింది. సవివరమైన పరిశోధన పూర్తికాకముందే, భూసేకరణ, అనుమతులు తేలకముందే పనులు అప్పగించారని అందులో ఉంది. భారం కాంట్రాక్టరుకు బదిలీ అయిందనుకున్నారు. కానీ భూమి సేకరించి ఇవ్వాల్సింది ప్రభుత్వం, అటవీ అనుమతి తేవాల్సింది ప్రభుత్వం. అవి ఆలస్యమైతే గడువు పెరుగుతుంది, ఖర్చు పెరుగుతుంది. పెన్నీక్విక్ కాలంలో శాఖ తన నెత్తిన వేసుకున్న భారాన్ని, శాఖే మోయక తప్పని భారాన్ని, ఒప్పందంలో ఇంకొకరి పేరున రాసినంత మాత్రాన అది వాళ్లదైపోదు. అంతంత పెద్ద పనుల విషయంలో ఇది చాలా ఖరీదైన పాఠం. చిన్న ఊళ్లకూ వర్తిస్తుంది.

తక్కువ రేటు విషయంలో ఒక చేదు నిజం ఉంది. పదిమంది ఒకే పనికి అంచనా వేసినప్పుడు, అందరికంటే తక్కువ రాసినవాడు చాలాసార్లు లెక్క తప్పినవాడే. గెలిచిన సంతోషం మొదటి బిల్లు దాకానే ఉంటుంది. తర్వాత సిమెంటు తగ్గుతుంది, పని ఆగుతుంది, కోర్టు మొదలవుతుంది. ఇది గమనించి 2003లో ఆంధ్రప్రదేశ్ నీటిపారుదల శాఖ 94వ నంబరు జీవోలో ఒక కట్టుబాటు పెట్టింది. అంచనా కంటే 25 శాతానికి మించి తక్కువ రాసినవాడు ఆ 25 శాతం దాటిన తేడా మొత్తానికి అదనపు హామీ చూపించాలి. పైవైపు 5 శాతం దాటిన ఎక్సెస్‌ను ఒప్పుకోరు. నన్నడిగితే ఇది మంచి ఆలోచన. లెస్ ఎంత కొట్టావన్నది మగతనం లెక్కలోకి వెళ్లిపోయిన ఊళ్లు నేను చూశాను. ముప్పై శాతం లెస్‌తో రోడ్డు వేస్తానన్నవాడికి చప్పట్లు కొట్టిన ఊరు, రెండు వానలకు ఆ రోడ్డు మీద నడవలేకపోయింది.

ఎవరిని పిలుస్తున్నాం అన్నది ఇంకో తేడా. అందరికీ తెరిచి ఉంచేది ఓపెన్ టెండరు. కొద్దిమందినే పిలిచేది లిమిటెడ్ టెండరు. ఒక్కరినే పిలిచేది సింగిల్ టెండరు. 2017లో వచ్చిన కేంద్ర సాధారణ ఆర్థిక నిబంధనల్లో 25,000 రూపాయల వరకు కొటేషన్ లేకుండా, రెండున్నర లక్షల వరకు ముగ్గురు సభ్యుల కొనుగోలు కమిటీ ద్వారా, 25 లక్షల వరకు లిమిటెడ్ టెండరుతో కొనవచ్చని పెట్టారు. ఆ పైన ప్రకటన తప్పనిసరి అన్నారు. ఇలాంటి పరిమితులు ఎప్పటికప్పుడు మారుతుంటాయి గనుక అంకెలు కంఠస్థం చేయనవసరం లేదు. కానీ అదే నిబంధనల్లో ఉన్న ఒక మాట గుర్తుంచుకోండి. పై అధికారి మంజూరు తప్పించుకోవడానికి ఒక కొనుగోలును ముక్కలు చేయకూడదు. ఒకే వీధి కాలువను నాలుగు బిట్లుగా విడగొట్టి నాలుగు చిన్న పనులుగా చూపించడం ఎక్కడైనా కనిపిస్తే, ఎవరు గెలిచారని అడిగే ముందు ఎందుకు విడగొట్టారని అడగండి.

మన రాష్ట్రం ఈ విషయంలో దేశానికే ముందు నడిచింది. తమిళనాడు టెండర్ల పారదర్శకత చట్టం 1998లో వచ్చింది, 2000 అక్టోబరు 1 నుంచి అమలైంది. కర్ణాటక కూడా 1999 చట్టంతో అదే దారి పట్టింది. తమిళనాడు చట్టం ప్రకారం ఓపెన్ టెండరే నియమం. ప్రకృతి వైపరీత్యం, ఒకే సరఫరాదారు ఉండటం లాంటివి మినహాయింపులు. టెండర్లు రాష్ట్ర, జిల్లా టెండర్ బులెటిన్లలో అచ్చుకావాలి. రెండు కోట్ల వరకు విలువైన వాటికి కనీసం 15 రోజులు, ఆపై వాటికి 30 రోజులు గడువు ఇవ్వాలి. గడువు తగ్గించాలంటే పై అధికారి అనుమతి కావాలి, కారణం రాతలో ఉండాలి. ఓడినవాడికి అప్పీలు హక్కు ఉంది. చిన్నమనూరు మున్సిపాలిటీకైనా చెన్నై కార్పొరేషన్‌కైనా ఇదే చట్టం.

రెండు కవర్ల పద్ధతి అందరూ విన్నదే. మొదటి కవరులో అర్హతలు, రెండో దానిలో ధర. మొదటిది దాటినవాడిదే రెండోది తెరుస్తారు. చూడటానికి ఎంత పద్ధతిగా ఉంటుందో, తప్పు చేయదలచుకున్నవాడికి అంత అనువైన చోటు అదే. అర్హత షరతులు ఒకరి కొలతకే కుట్టవచ్చు. ఫలానా పొడవు పైపు, ఫలానా ఏడాదిలోనే, ఫలానా మొత్తానికి వేసి ఉండాలి అని రాస్తే, ఆ వర్ణనకు సరిపోయేవాడు జిల్లాలో ఒక్కడే ఉంటాడు. అది పేరుకే ఓపెన్ టెండరు, లోపల సింగిల్ టెండరు. రెండో రకం మోసం దీనికి తిరగేసినది. షరతు గట్టిగా పెట్టి, అది లేనివాడికే పని ఇవ్వడం. 1977లో బొంబాయి విమానాశ్రయంలో రెండో తరగతి రెస్టారెంటు నడపడానికి టెండరు పిలుస్తూ, రిజిస్టరైన రెండో తరగతి హోటలియరై అయిదేళ్ల అనుభవం ఉండాలన్నారు. చివరికి క్యాంటీన్లు నడిపినవాడికి ఇచ్చారు. 1979లో రమణ దయారాం శెట్టి కేసులో జస్టిస్ భగవతి దీన్ని తప్పుపట్టారు. తాను పెట్టిన షరతుకు ప్రభుత్వ సంస్థే ముందు కట్టుబడాలన్నారు. ఆ షరతు లేదని తెలిసి ఉంటే ఇంకెంతమంది టెండరు వేసేవారో కదా అన్నదే అక్కడి న్యాయం. వేరే కారణాల వల్ల ఆ పిటిషన్ నెగ్గలేదు, కానీ సూత్రం నిలిచింది. ఇవాళ్టికీ టెండరు కేసుల్లో దాన్నే ఎత్తి చూపిస్తారు.

తెలుగు రాష్ట్రాల్లో బాగా వినిపించిన రెండు పేర్లు స్విస్ ఛాలెంజ్, రివర్స్ టెండరింగ్. స్విస్ ఛాలెంజ్‌లో ఎవరూ అడగకుండానే ఒక సంస్థ ప్రతిపాదన తెస్తుంది. ప్రభుత్వం దాన్ని బయటపెట్టి ఇంతకంటే మేలైనది ఎవరైనా ఇస్తారా అని పిలుస్తుంది. ఎవరైనా ఇస్తే, దానికి సరితూగే అవకాశం మొదటి సంస్థకు మళ్లీ వస్తుంది. అమరావతిలో 1,691 ఎకరాల స్టార్టప్ ప్రాంతానికి సింగపూర్ సంస్థల కూటమి ప్రతిపాదనతో ఇది నడిచింది. 2016 సెప్టెంబరులో హైకోర్టు ఆపింది. తర్వాత మళ్లీ కదిలింది. 2019లో ప్రాజెక్టే రద్దయింది. కొత్త ఆలోచన తెచ్చినవాడికి ప్రోత్సాహం ఉండాలనడం న్యాయమే. కానీ పోటీకి వచ్చేవాళ్లకు మొదటివాడి లెక్కలన్నీ కనిపించకపోతే, చాలినంత గడువు లేకపోతే, ఆ పోటీ పేరుకే మిగులుతుంది. నా దృష్టిలో భూమి లాంటి, ధర తేల్చడం కష్టమైన ఆస్తికి ఇది తగిన పద్ధతి కాదు.

రివర్స్ టెండరింగ్‌లో వచ్చిన తక్కువ ధరనే మొదటి మెట్టుగా పెట్టి, అందరి కళ్లముందు ఇంకా కిందికి పాడిస్తారు. 2019 సెప్టెంబరులో పోలవరం ప్రాజెక్టు ప్రధాన పనులకూ జల విద్యుత్ కేంద్రానికీ కలిపి ఇలాగే పిలిచారు. సుమారు 4,987 కోట్ల పనికి దాదాపు 4,359 కోట్ల బిడ్డు వచ్చింది. 628 కోట్లు మిగిలాయని ప్రభుత్వం చెప్పింది. బిడ్డు వేసింది మాత్రం ఒకే సంస్థ. ధర తగ్గడం నిజమే. ఒక్కరే పోటీలో ఉన్నప్పుడు ఆ తగ్గింపు పోటీ వల్ల వచ్చిందా, మరో కారణమా అన్న ప్రశ్న కూడా అంతే నిజం. పేపరు, కుర్చీలు, కంప్యూటర్లు లాంటి అచ్చు గుద్దినట్టుండే సరుకులకు రివర్స్ వేలం బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సగంలో ఆగిన ఆనకట్టకు అంత నమ్మకంగా చెప్పలేను.

ఆంధ్రప్రదేశ్ ఒక మంచి పని మాత్రం అందరికంటే ముందు చేసింది. 2003లోనే ఈ-ప్రొక్యూర్‌మెంటు మొదలుపెట్టింది. అంతకుముందు టెండరు పెట్టె దగ్గర మనుషులను నిలబెట్టి, షెడ్యూలు కొనడానికి వచ్చినవాణ్ణి వెనక్కి పంపిన రోజులు పెద్దవాళ్లకు గుర్తుంటాయి. కంప్యూటరు ఆ కర్రసామును ఆపింది. 2016లో వచ్చిన కేంద్రం కొనుగోళ్ల పోర్టలు జెమ్ వల్ల తిరుప్పూరు చిన్న యూనిట్ కూడా ఢిల్లీ ఆఫీసుకు రేటు రాయగలుగుతోంది. ఇవన్నీ మేలే. అయితే యంత్రం కవరును కాపాడుతుంది గానీ షరతు రాసే చెయ్యిని కాపాడలేదు. అలాగే ముగ్గురు కాంట్రాక్టర్లు ముందే మాట్లాడుకుని ఒకరికి పని, మిగతా ఇద్దరికి పేరుకు బిడ్లు అనుకుంటే యంత్రానికి తెలియదు. దీన్ని రింగ్ అనండి, సిండికేట్ అనండి, 2002 పోటీ చట్టం 3వ సెక్షన్ కింద అది నేరుగా నిషిద్ధం. మన వాళ్లకు ప్రేమతోనే చెబుతున్నాను. బంధువు కదా అని లైసెన్సు అరువివ్వడం, సపోర్టు బిడ్డు వేసిపెట్టడం మర్యాద అనుకుంటున్నారు. అది మన వీధి పిల్లల బడి గోడ నుంచి ఇటుకలు లాగి ఇవ్వడమే.

టెండరు తెరిచాక జరిగే బేరాల సంగతి కూడా చెప్పాలి. కేంద్ర నిఘా కమిషన్ 2007 మార్చి సర్క్యులరులో, టెండరు తర్వాత బేరమాడటం అసాధారణ పరిస్థితుల్లో తప్ప వద్దనీ, ఆడినా ఎల్1తోనే ఆడాలనీ చెప్పింది. ఎల్2ను, అంటే రెండో తక్కువ రేటు రాసినవాణ్ణి, పిలిచి, నువ్వు ఎల్1 రేటుకు చేస్తావా అని అడిగే ఆఫీసు ఎక్కడైనా ఉంటే అక్కడ సీలు వేసిన కవరుకు విలువ లేదన్నమాట.

మరి మనం ఏం చేయగలం? కవరు తెరిచే రోజు గుమిగూడటం వల్ల పెద్దగా లాభం లేదు. అప్పటికి చేయవలసినవన్నీ చేసేసి ఉంటారు. ముందే చూడాలి. ఇది ధర అడగవలసిన పనా, ప్రతిపాదన అడగవలసిన పనా? ఎస్టిమేటు ఎవరు వేశారు, స్థలం చూసి వేశారా? భూమి చేతిలో ఉందా? అర్హత షరతులు పనికి సరిపడా ఉన్నాయా, ఒక మనిషికి సరిపడా ఉన్నాయా? పెద్ద పనులకు ప్రీ-బిడ్ సమావేశం పెడతారు. కాంట్రాక్టర్లయినవాళ్లు అక్కడ రాతలో ప్రశ్న వేయండి, జవాబు కూడా రాతలోనే అడగండి. కానివాళ్లు 2005 సమాచార హక్కు చట్టం కింద ఎస్టిమేటు, తులనాత్మక పట్టిక, ఆమోదపు ఉత్తర్వు నకళ్లు తీసుకోండి. మహిళా సంఘాల్లో లెక్కలు రాసే అక్కచెల్లెళ్లు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. వార్డుకు ఇద్దరు ఈ కాగితాలు చదవడం మొదలుపెడితే, షరతులు రాసే చేతులు జాగ్రత్తపడతాయి. భాష అడ్డం అనకండి. ఇంట్లో తెలుగు మాట్లాడి, బయట తమిళం చదివే మనకు టెండరు ప్రకటన చదవడం కష్టమేమీ కాదు.

వచ్చే నెల నుంచి మన వార్డు పనుల ప్రకటనలు వెలువడిన రోజే చదవండి. రెండు కోట్ల లోపు పనికి చట్టం మనకు ఇచ్చిన కనీస గడువు పదిహేను రోజులు.